మధ్యలో ఉన్న మూడేళ్లు

ఏప్రిల్ నాలుగో వారంతో బడి ఏడాది అయిపోతుంది. ఏడో తరగతి పిల్లాణ్ణి ‘ఎన్ని మార్కులొచ్చాయి’ అని అడిగితే టక్కున చెప్తాడు. ‘ఏం నేర్చుకున్నావురా’ అని అడిగితే కాసేపు నేల చూపులు చూస్తాడు. ఏడాది పొడవునా ఆ రెండో ప్రశ్న వాడినెవరూ అడిగి ఉండరు.

పదో తరగతి మీద ఊరందరి కన్నూ ఉంటుంది. ఒకటో తరగతిలో చేర్పించడం ఇంట్లో పండగ. మధ్యలో ఉన్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతులే ఎవరికీ పట్టవు. విద్యాహక్కు చట్టం చేసినవాళ్లు మాత్రం ఈ మూడేళ్లను ప్రత్యేకంగా చూశారు. ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు చాలన్న ఆ 2009 చట్టం, ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1,000 గంటలు ఉండాలంది. అదనంగా ఇచ్చిన ఆ 200 గంటలు హైదరాబాద్ బడుల్లో ఎటు పోతున్నాయన్నదే మా ప్రశ్న.

గంటలు ఎందుకు పెంచారో పుస్తకాలు తిరగేస్తే తెలుస్తుంది. ఆరో తరగతిలో పిల్లల ముందుకు ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో టీచర్ వస్తారు. ప్రభుత్వ బడుల్లో హిందీ కొత్తగా మొదలవుతుంది. ఆరు, ఏడు తరగతుల్లో ఒకే పుస్తకంగా ఉన్న సైన్సు ఎనిమిదికి వచ్చేసరికి భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం అని రెండవుతుంది. అన్నిటికంటే పెద్ద మార్పు లెక్కల్లో ఉంది. అప్పటిదాకా చేతివేళ్ల మీద, గోలీల మీద నడిచిన లెక్క, కంటికి కనిపించని వాటి మీదికి మళ్లుతుంది. అంకె ఉండాల్సిన చోట అక్షరం వచ్చి కూర్చుంటుంది. సున్నా కింద కూడా సంఖ్యలున్నాయని తెలుస్తుంది.

ఆ రుణసంఖ్యల దగ్గర కాస్త ఆగాలి. మన అపార్ట్‌మెంట్లలో పెరిగే పిల్లలకు ఇవి లిఫ్టులో రోజూ కనిపించేవే. గ్రౌండ్ ఫ్లోర్ సున్నా అనుకుంటే, సెల్లార్ మైనస్ ఒకటి, దాని కింది సెల్లార్ మైనస్ రెండు. ఆ కింది సెల్లార్ నుంచి మూడో అంతస్తుకు వెళ్లాలంటే ఎన్ని అంతస్తులు ఎక్కాలి? ఐదు. ఆరో తరగతి పిల్ల ఎవరైనా చెప్తుంది. అదే లెక్కను నోట్‌బుక్‌లో 3 – (–2) అని రాసి ఇస్తే చాలామంది 1 అని వేస్తారు. తెలిసిన విషయమే, కాగితం మీదికి వచ్చేసరికి తెలియనిదైపోయింది. లిఫ్టుకూ నోట్‌బుక్‌కూ మధ్య ఉన్న ఆ నాలుగడుగులు పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించడమే టీచర్ పని. దానికి టైం కావాలి.

ఏడో తరగతిలో మైనస్‌ను మైనస్‌తో గుణించడం వస్తుంది. దాన్ని బోర్డు మీద ఇలా చూపించవచ్చు. 3 × (–2) = –6. 2 × (–2) = –4. 1 × (–2) = –2. 0 × (–2) = 0. ఎడమ పక్క సంఖ్య ఒక్కొక్కటీ తగ్గుతుంటే, జవాబు రెండేసి చొప్పున పెరుగుతోంది. మరి తర్వాతి మెట్టు, (–1) × (–2) ఎంత? క్లాసంతా ఒకేసారి ‘రెండు’ అని అరుస్తుంది. ఎందుకో వాళ్లకే తెలుసు కాబట్టి ఇక జన్మలో మర్చిపోరు. ఇంతా చేస్తే పట్టేది ఒక్క పీరియడ్. సిలబస్ వెనకబడి, సోమవారం స్లిప్ టెస్ట్ నెత్తిమీదికి వచ్చినప్పుడు మొదట ఎగిరిపోయేది ఆ పీరియడే. దాని బదులు ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, గుర్తుపెట్టుకోండి’ అన్న ఒక్క వాక్యం మిగులుతుంది. సమీకరణాలు వచ్చాక ‘అవతలికి పంపితే గుర్తు మారుతుంది’ అన్న ఇంకో వాక్యం దానికి తోడవుతుంది. తొమ్మిదికి వచ్చేసరికి ‘నాకు లెక్కలు రావు’ అని పిల్లే ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది. పద్నాలుగేళ్ల పిల్ల తన గురించి అలా అనుకోవడం చూస్తే మాకు బాధగా ఉంటుంది.

సైన్సుకు వద్దాం. ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠముంది. వానాకాలం మొదలైతే నగరంలో ఏ క్లాసులో చూసినా జ్వరాలతో ఖాళీ అయిన బెంచీలు ఉంటాయి. సికింద్రాబాద్‌లో పనిచేసిన ఆర్మీ డాక్టర్ రోనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టారు. 1902లో నోబెల్ అందుకున్నారు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. మన పిల్లలు కొందరు రోజూ స్కూల్ బస్సులో దాని పక్క నుంచే వెళ్తుంటారు. ఆ పాఠం చెప్పే వారంలో పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, తిరిగొచ్చాక బడి చుట్టూ కూలర్లు, పూలకుండీలు, పాత టైర్లు వెతికించాలి. నీళ్లలో గింగిరాలు కొట్టే పురుగును ఒక గాజు సీసాలో పట్టి చూపిస్తే, అది వారం పది రోజుల్లో దోమ ఎలా అవుతుందో, నీళ్లు వారానికోసారి ఎందుకు పారబోయాలో వేరే చెప్పక్కర్లేదు. డెంగీ తెచ్చేది ఏడిస్ అనే వేరే దోమ అన్న తేడా కూడా అక్కడే తెలుస్తుంది.

సోషల్‌కు ఈ నగరమే పెద్ద పుస్తకం. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చింది. ఆ రోజు దాదాపు 150 మంది ప్రాణాలు నిలిపిన చింతచెట్టు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాత నిజాం ప్రభుత్వం ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఈ ఒక్క సంగతిలో చరిత్ర, భూగోళం, ఘనపరిమాణాల లెక్క అన్నీ ఉన్నాయి. చెట్టు కింద నిలబడి చూసొచ్చిన పిల్లను ఆ సాయంత్రం దాని గురించి తెలుగులో ఒక పేజీ రాయమంటే, అది భాషా పాఠం కూడా అవుతుంది.

తెలుగు మాటెత్తాం కాబట్టి ఒక విషయం. అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అని రాష్ట్రం 2018లో చట్టం చేసింది. అయినా రోజంతా తెలుగులో కబుర్లు చెప్పే పిల్లలు ఒక పేజీ రాయమంటే తడబడుతున్నారు. ఇంగ్లిష్ మీడియం వచ్చాక ప్రభుత్వ బడులకు ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలిచ్చారు. అది మంచి పని. ఇంట్లో అమ్మ కూడా చదివి చెప్పగలుగుతుంది. ప్రైవేటు బడుల పిల్లలకూ అలాంటి పుస్తకం అందుబాటులో ఉంటే బాగుంటుంది.

మరి ఆ గంటలు ఎవరు తింటున్నారు? ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ మొదలుపెట్టే చదువు మొదటి దోషి. పదకొండేళ్ల పిల్లకు పూర్ణసంఖ్యలు ఒంటబట్టకముందే పై తరగతుల లెక్కలు రుద్దడం వల్ల పునాది గట్టిపడదు. టైంటేబుల్‌లో ఆటలు, డ్రాయింగ్, లైబ్రరీ పీరియడ్లు కాగితం మీద మిగులుతాయి, ఆ టైంలో స్టడీ అవర్ నడుస్తుంది. ప్రభుత్వ బడుల్లో టీచర్లను సర్వేలకూ ఎన్నికల పనులకూ పంపడం ఇంకో నష్టం.

ప్రాజెక్ట్ వర్క్‌ల సంగతీ అంతే. ఏడాదిలో నాలుగు ఎఫ్‌ఏలు (మధ్యమధ్యలో పెట్టే చిన్న మూల్యాంకనాలు), రెండు ఎస్‌ఏలు (పెద్ద పరీక్షలు) ఉంటాయి. ఎఫ్‌ఏల్లో ప్రాజెక్టులు పెట్టిన ఉద్దేశం పిల్లలు తమంతట తాము వెతికి నేర్చుకోవాలనే. రాత్రి తొమ్మిదింటికి ఏ కాలనీ స్టేషనరీ షాపు ముందు నిలబడినా అసలు జరిగేది కనిపిస్తుంది. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన తండ్రి చార్టు, థర్మకోల్ కొంటుంటాడు. షాపతను నెట్‌లోంచి బొమ్మలు ప్రింటు తీసిస్తాడు. తల్లి కత్తిరించి అతికిస్తుంది. పిల్ల నిద్రపోతుంది. తెల్లారి మార్కులు పడతాయి. ప్రాజెక్టులు బడిలోనే, బడి టైంలోనే చేయించాలి. చేతిరాతతో వంకరటింకరగా ఉన్నా సరే, అది పిల్లదైతే చాలు.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్యలో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. జూన్ 12న బడులు తెరిచేలోపే విద్యాశాఖ ఆ పది తేదీలను క్యాలెండర్‌లో వేసి, ప్రైవేటు బడులకూ వర్తింపజేయాలి. ఆ తేదీల్లో స్లిప్ టెస్టులు పెట్టకూడదని ఉత్తర్వులోనే రాయాలి. వాటిలో ఒక రోజు బేగంపేటకో, అఫ్జల్‌గంజ్‌కో కేటాయించవచ్చు. రెండు చోట్లకూ సిటీ బస్సులున్నాయి.