బడి గుమ్మం తొక్కని ఎకో

ఓడల ఉక్కు అతుకుల్లో పగుళ్లు వెతకడానికి చేసిన యంత్రం మనిషి గుండెను చూసే కన్నయింది. స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్ అనే హృద్రోగ వైద్యుడిది అప్పట్లో ఒకటే బెంగ. గుండె ఎడమ గదుల మధ్య తలుపులా రక్తాన్ని ఒకే దిక్కుకు వదిలే మైట్రల్ కవాటం బిగుసుకుపోయిన రోగులకు శస్త్రచికిత్సలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. కత్తి పెట్టకముందే ఆ కవాటం బిగుసుకుందో, లీకవుతోందో తేల్చుకునే దారి మాత్రం సరిగా లేదు. ఆ మాట భౌతిక శాస్త్రవేత్త హెల్ముత్ హెర్ట్జ్‌తో అన్నారు. ఆయన మాల్మోలోని ఓడల కర్మాగారానికి వెళ్లి, అతుకులు పరీక్షించే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని తన ఛాతీకే ఆనించి చూసుకున్నారు. ఆ తర్వాత అలాంటిదే ఒకటి అరువు తెచ్చుకుని, 1953 అక్టోబరు 29న ఇద్దరూ కలిసి కొట్టుకుంటున్న గుండె నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని నమోదు చేశారు. మన ఊళ్లలో ‘టూడీ ఎకో తీయించారా’ అని అడిగే పరీక్ష పుట్టింది అక్కడే.

ఎడ్లర్ చూడాలనుకున్న కవాటాల్లో చాలావాటిని చెరిచింది చిన్నతనంలో వచ్చిపోయిన రుమాటిక్ జ్వరం. ఇళ్లలో ఇరుకు తగ్గి, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక స్వీడన్ పిల్లల్లో ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. అక్కడ యంత్రం మిగిలింది, జబ్బు పోయింది. మన దగ్గర రెండూ ఉన్నాయి. యంత్రం పట్నంలో కార్పొరేట్ ఆసుపత్రిలో ఉంది, జబ్బు పల్లెలోనూ తండాలోనూ ఉంది. ఈ రెంటినీ ఒకచోట కలపడం ప్రభుత్వాలకు ఎందుకింత భారమైందన్నదే మా ప్రశ్న.

జబ్బు వచ్చే తీరు చాలా మామూలుగా ఉంటుంది. అయిదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్ల. గొంతు నొప్పి, మింగుడు పడదు, ఒళ్లు కాలుతుంది. వేడినీళ్లలో ఉప్పేసి పుక్కిలిస్తుంది, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఇంట్లో అందరూ మరిచిపోయిన రెండు మూడు వారాలకు మోకాలు వాస్తుంది. రెండు రోజులకు అది తగ్గి చీలమండకు, అక్కణ్నుంచి మోచేతికి పాకుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పి సూది వేస్తే ఆ పూటకు హాయి. ఎదిగే వయసు నొప్పులని నాయనమ్మ అంటుంది, బడి ఎగ్గొట్టే వేషాలని మాస్టారు అంటారు. నిజానికి గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి మీదికి లేచిన రోగనిరోధక శక్తి, పోలిక తెలియక సొంత కీళ్ల మీదా గుండె మీదా పడుతోందన్నమాట. ఈ జబ్బు కీళ్లను నాకి గుండెను కొరుకుతుందని పాతకాలం వైద్యులు అనేవారు. కీళ్ల నొప్పి మచ్చ కూడా మిగల్చకుండా పోతుంది. కవాటం మీద మాత్రం దెబ్బ ఉండిపోతుంది. మళ్లీ గొంతు నొప్పి వచ్చి మళ్లీ జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ ఆ మచ్చ మందమవుతుంది. ఇరవై దాటాక నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. దాన్ని ఉబ్బసమనుకుని మందులు వాడేవాళ్లూ ఉన్నారు. ఆడపిల్లలకైతే చాలామందికి తొలి కాన్పుదాకా తెలియనే తెలియదు. గర్భంతో ఒంట్లో రక్తం పరిమాణం పెరిగేసరికి, బిగుసుకున్న కవాటం ఆ వరదను దాటించలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అర్ధరాత్రి 108లో జిల్లా ఆసుపత్రికి చేరాక గానీ ఆ అమ్మాయికి పదేళ్లనాడు వాచిన మోకాలు ఎవరికీ గుర్తుకురాదు.

ఇది పాత జబ్బు, పోయిన జబ్బు అనుకుంటే పొరపాటు. ప్రపంచ వ్యాధిభారంపై 2015 సంవత్సరానికి వేసిన అంచనాలో ఇలా కవాటాలు చెడిన రుమాటిక్ గుండె జబ్బుతో ఉన్నవారు 3.34 కోట్ల మంది. అందులో 1.3 కోట్లకు పైగా మన దేశంలోనే. ఆ ఏడాది చనిపోయిన సుమారు 3.19 లక్షల మందిలో 1.19 లక్షల మంది భారతీయులు. ఇవి లెక్కగట్టిన అంచనాలే తప్ప ఇంటింటికీ వెళ్లి రాసుకొచ్చినవి కావు, ఆ మాట దాచాల్సిన పనిలేదు. బడుల్లో స్టెతస్కోపుతో చేసిన సర్వేలు చూస్తే జబ్బు దశాబ్దాలుగా తగ్గుతూ వస్తోంది. మరి ఏది నిజం?

స్టెతస్కోపుకు వినపడింది వేరు, ఎకోకు కనపడింది వేరు. కాంబోడియా, మొజాంబిక్ దేశాల బడిపిల్లల మీద జరిగిన అధ్యయనం 2007లో వెలువడింది. చెవితో విని పట్టుకున్నది రెండు దేశాల్లోనూ వెయ్యికి ఇద్దరు ముగ్గురిని. అదే పిల్లలకు ఎకో తీస్తే కాంబోడియాలో వెయ్యికి 21, మొజాంబిక్‌లో 30 తేలారు. మన దగ్గర హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో 6,270 మంది బడిపిల్లలను పరీక్షించారు. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. విని గుర్తుపట్టింది వెయ్యికి ఒకరిని కూడా కాదు, 0.8. ఎకోలో కనిపించింది 20.4. ఢిల్లీకి కూతవేటు దూరంలోని బడుల మాట ఇది. మరి పాడేరు, ఉట్నూరు సంగతి? అక్కడ ఎవరూ చూడలేదు గనుక అక్కడ జబ్బు లేదని మన రికార్డులు నిశ్చింతగా చెబుతాయి.

పరీక్షలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. పిల్లను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. చల్లటి జెల్ తగలగానే కితకితలతో నవ్వుతుంది. పక్కటెముకల సందున ప్రోబ్, అంటే శబ్దతరంగాలు పంపి అందుకునే చేతి పరికరం, ఆనిస్తే తెర మీద గుండె తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. బాగున్న మైట్రల్ రెక్కలు పెళ్లిపందిట్లో తెరల్లా తేలిగ్గా ఊగుతాయి. చెడ్డ రెక్క మందమై, కొస కదలక, మధ్యలో మోకాలు మడిచినట్టు వంగి ఉంటుంది. రక్తం పారే దిక్కును రంగుల్లో చూపే డాప్లర్ వేస్తే ముందుకే పోవాల్సిన రక్తం వెనక్కి చిమ్మడం నీలి చారగా కనిపిస్తుంది. ఆ చిమ్మే ధార చిన్నదైతే స్టెతస్కోపుకు చప్పుడే ఉండదు. జబ్బును నిలిపేయడానికి బాగా వీలున్న దశ కూడా అదే. అందుకే రుమాటిక్ జ్వరాన్ని తేల్చే జోన్స్ ప్రమాణాల్లో 2015లో ఎకోకు చోటిచ్చారు. చెవికి వినపడకపోయినా ఎకోలో కవాటం చెడినట్టు కనిపిస్తే దాన్ని గుండె దెబ్బగానే లెక్కించాలని అందులో ఉంది.

ఇక్కడ కొందరు వైద్యులు ఒక న్యాయమైన అభ్యంతరం చెబుతారు. ఎకోలో కనిపించిన ప్రతి చిన్న లోపమూ ముదరదు. కొన్ని వాటంతట అవే సర్దుకుంటాయి. వెయ్యిమందికి పరీక్ష చేసి ఇరవైమంది నుదుటన ‘గుండె జబ్బు’ అని రాసేస్తే, అందులో ఆడపిల్లలుంటే రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమవుతుంది? మన సమాజం తీరు తెలిసిన ఎవరూ ఈ భయాన్ని కొట్టిపారేయలేరు. పేరు గోప్యంగా ఉంచడం, తల్లిదండ్రులను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పడం, ఏడాదికోసారి మళ్లీ చూడడం ఈ పనిలో సగభాగం. అది చేయలేనివాళ్లు ప్రోబ్ పట్టుకోకపోవడమే మేలు. అయితే తొందరగా కనిపెట్టి ప్రయోజనం లేదనే వాదన మాత్రం ఇక చెల్లదు. ఉగాండాలో ఇలా ఎకోలో మాత్రమే జబ్బు కనిపించిన 818 మంది పిల్లలను రెండు జట్లు చేసి రెండేళ్లు గమనించారు. పెన్సిలిన్ సూది క్రమం తప్పకుండా వేయించుకున్నవారిలో జబ్బు ముదిరింది 0.8 శాతం మందికి. వేయించుకోనివారిలో 8.2 శాతం మందికి.

మందు కొత్తదేమీ కాదు, బెంజథైన్ పెన్సిలిన్. మన దగ్గర సాధారణంగా ఇరవై ఒక్క రోజులకోసారి, ఏళ్ల తరబడి. కొందరికి ఇరవయ్యేళ్లు దాటినా ఆపరు. సీసాలో తెల్లటి పొడి, నీళ్లు కలిపి గట్టిగా కుదిపితే గంజిలా చిక్కబడుతుంది. సన్నసూదిలోకి ఎక్కదు, ఆలస్యం చేస్తే లావుసూదిలోనూ గడ్డకడుతుంది. తుంటికి వేశాక పిల్ల ఆ రోజంతా కుంటుతుంది. మూడువారాలకోసారి ఈ బాధ భరించమని పన్నెండేళ్ల పిల్లను ఒప్పించడం తేలికేం కాదు. దీనికి తోడు పెన్సిలిన్ అంటే వికటిస్తుందన్న భయంతో ‘ఇక్కడ వేయం, పెద్దాసుపత్రికి వెళ్లండి’ అని తిప్పి పంపే ఆరోగ్య కేంద్రాలున్నాయి. ప్రమాదకరమైన రియాక్షన్ అరుదు. దాన్ని అదుపుచేసే అడ్రినలిన్ మందు పక్కన పెట్టుకుని, సూది వేశాక అరగంట కూర్చోబెట్టుకుంటే ఎదుర్కోవచ్చు. కూలి మానుకుని బస్సెక్కి వచ్చిన తల్లిని వెనక్కి పంపితే ఇరవై ఒకటో రోజు ఇరవై అయిదవుతుంది, ఆపై నలభై అవుతుంది, ఆ తర్వాత ఆమె ఇక రాదు.

మందు దొరకడమూ ఓ కథే. ధర తక్కువ, లాభం తక్కువ కాబట్టి కంపెనీలకు దీనిమీద మోజు లేదు. ముడిసరుకు చేసేవాళ్లను ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఎక్కువమంది చైనాలో ఉన్నారు. ఉత్పత్తి ప్రోత్సాహక పథకం కింద కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి కర్మాగారం 2024లో పని మొదలుపెట్టింది. ఈ సూదిమందుకు మూలం ఆ పెన్సిలిన్-జీయే. కాకినాడ నుంచి రంపచోడవరం ఎంత దూరం? మూలసరుకు మన తీరంలోనే తయారవుతున్నప్పుడు మన్యంలో సూదిమందు లేదనే మాట వినాల్సి వస్తే సిగ్గుపడాల్సింది పిల్ల తల్లి కాదు.

తెలుగు రాష్ట్రాలు గుండె జబ్బు పిల్లల విషయంలో చేతులు ముడుచుకు కూర్చున్నాయని మేం అనడం లేదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీకి ప్రేరణల్లో ఒకటి ముఖ్యమంత్రి సహాయనిధి కోసం క్యూ కట్టిన గుండె జబ్బు పిల్లల తల్లిదండ్రులే. పుట్టుకతో గుండెకు రంధ్రం ఉన్న వేలాదిమంది ఆ కార్డుతో బతికి బట్టకట్టారు. పుట్టపర్తిలోని సత్యసాయి ఆసుపత్రి పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేస్తోంది. తిరుపతిలో టీటీడీ 2021లో చిన్నపిల్లల గుండెకే ప్రత్యేకంగా ఆసుపత్రి తెరిచింది. ఇవన్నీ గర్వించదగినవే. కానీ అన్నీ కథ చివర్లో వచ్చేవి. కవాటం పూర్తిగా చెడ్డాక మార్చడానికి సర్కారు డబ్బు కడుతుంది, చెడకముందు చూడడానికి కట్టదు.

మార్చిన కవాటంతో కథ సుఖాంతమవుతుందా అంటే, కాదు. లోహపు కవాటం పెట్టిన పిల్లకు బతికున్నన్నాళ్లూ రక్తం పలచబరిచే మాత్ర తప్పదు. నెలనెలా రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూసే పీటీ ఐఎన్‌ఆర్ పరీక్ష, దానికోసం పట్నం ప్రయాణం. గోంగూర, తోటకూర ఒకరోజు ఎక్కువ తిన్నా ఒకరోజు మానేసినా లెక్క తప్పుతుంది. మాత్ర తగ్గితే కవాటం మీద గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. గర్భం దాల్చితే ఆ మాత్రే కడుపులో బిడ్డకు ప్రమాదం, మానేస్తే తల్లికి ప్రమాదం. పదేళ్లప్పుడు మూడువారాలకో సూదితో ఆగగలిగిన జబ్బుకు ఇరవై రెండేళ్లప్పుడు కట్టే మూల్యం ఇది.

పెళ్లి బరాత్‌లో ఆడుతూనో జిమ్‌లో బరువెత్తుతూనో కుప్పకూలిన యువకుడి వీడియో వచ్చినప్పుడల్లా టీవీల్లో వారం రోజులు చర్చ. ఆ మరణాలు చిన్నవి కావు, వాటి వెనుక గుండె కండరం మందమయ్యే వంశపారంపర్య జబ్బుల్లాంటివి ఉండొచ్చు, అవీ ఎకోలో చాలావరకు దొరికేవే. రుమాటిక్ కవాటం మాత్రం కెమెరా ముందు కూలదు. అది పదిహేనేళ్లపాటు మెల్లగా, పేదింట్లో, ఎవరూ వీడియో తీయనిచోట చెడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పిల్లల్లో వెతకాల్సిన 30 సమస్యల్లో రుమాటిక్ గుండె జబ్బు కూడా ఉంది. ఏడాదికోసారి ప్రతి సర్కారు బడికీ వైద్యబృందం రావాలి, కాగితం మీద వస్తోంది కూడా. వ్యానులో బరువు తూచే యంత్రం, కంటి చార్టు, స్టెతస్కోపు ఉంటాయి. మూడొందలమంది పిల్లలను ఒక పూటలో తేల్చేయాలి. వరండాలో పక్క తరగతి ఎక్కాలు చదువుతుంటే ఏ స్టెతస్కోపుకు ఏ చప్పుడు వినపడుతుంది? అరచేతిలో ఇమిడే ఎకో ప్రోబ్‌ను ఇవాళ ట్యాబ్‌కు తగిలించి వాడొచ్చు. ఫిజీలో, బ్రెజిల్‌లో కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి నర్సులు, ఆరోగ్య సిబ్బంది చేతే తొలి వడపోత చేయించారు. అనుమానం ఉన్న బొమ్మను గుండె వైద్యుడు దూరంనుంచే చూసి తేల్చాడు.

అడ్డు ఒకటుంది. ఎకో ప్రోబ్ కూడా అల్ట్రాసౌండే కాబట్టి లింగనిర్ధారణ నిషేధ చట్టం కిందికి వస్తుంది. పోర్టబుల్ యంత్రాలను ఎక్కడికిబడితే అక్కడికి తీసుకెళ్లకుండా నిబంధనలున్నాయి. ఆడశిశువును కాపాడడానికి వచ్చిన ఆ కట్టడిని సడలించమని మేం ఎన్నటికీ అడగం. కానీ అనుమతులిచ్చే అధికారమూ, బడి ఆరోగ్య బృందాలను నడిపేదీ ప్రభుత్వమే అయినప్పుడు ఎడమచేయి కుడిచేతికి దరఖాస్తు పెట్టుకుని ఏళ్లు గడపడమేమిటి? యంత్రానికి నంబరు, వాడేవారికి నమోదు, తీసిన ప్రతి బొమ్మా సర్వర్‌లో భద్రం. ఈ షరతులతో కలెక్టర్లు అనుమతిస్తే దుర్వినియోగం ప్రైవేటు గదుల్లో కంటే ఇక్కడే కష్టం.

రాష్ట్రమంతా ఒకేసారి అక్కర్లేదు. ఒకే గదిలో పక్కపక్కనే పడుకునే పిల్లల మధ్య గొంతు జబ్బు ఇట్టే పాకుతుంది కాబట్టి ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు ముందు. ఒక్కో ఐటీడీఏకు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు) రెండు ప్రోబ్‌లు, నలుగురు శిక్షణ పొందిన నర్సులు, జిల్లాకో గుండె వైద్యుడి సంతకం, ప్రతి ఆరోగ్య కేంద్రంలో పెన్సిలిన్ సీసాలు, సూది తేదీ తప్పితే ఏఎన్‌ఎం ఇంటికెళ్లేలా ఒక రిజిస్టరు. కవాటాలు మార్చడానికి ఏటా పెడుతున్న ఖర్చు పక్కన ఇదొక లెక్కలోది కాదు. జూన్ 12న బడులు తెరుస్తారు. ఈ పరీక్ష జరగబోయే మొదటి హాస్టల్ ఏదో, ఏ తారీఖునో రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖ మంత్రులనూ ఆ రోజు మేం అడుగుతాం.