మనిషికే ఒక ఫేస్‌లిఫ్ట్ చేయిస్తే పోలా!

కారు డిజైనింగ్ ఓనమాలు నేర్పే పాఠాలు ఎలా మొదలవుతాయో చూడనివాళ్ల కోసం చెబుతాను. రెండు పెద్ద గుండ్రాలు గీస్తారు. ఒక్కో చక్రం బండి ఎత్తులో సగానికి పైనే. వాటి మీదుగా ముందుకు దూకబోతున్నట్టు ఒక గీత లాగుతారు. ఆ గీతకూ పైకప్పుకూ నడుమ నాలుగు వేళ్లు పట్టీ పట్టనంత సందు వదులుతారు. అది కిటికీ అని మనం అర్థం చేసుకోవాలి. అప్పుడు పాఠం చెప్పేవారు కలం ఆపి, ఒక కన్ను మూసి, "చూశారా, ఆగి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంది" అంటారు. చూశాం. పార్కింగులో ఆపిన బండి పరిగెడుతున్నట్టు కనిపించాల్సిన అవసరం ఎవరికొచ్చిందో మాత్రం ఏ పాఠంలోనూ ఉండదు.

ఇందులో మనిషి ఎక్కడ కూర్చుంటాడండీ అని ఏ అమాయకుడైనా నోరు జారాడో, వాడి పని అయిపోయినట్టే. "అది ప్యాకేజింగ్, లోపల చోటు సర్దే పని. ఇంజనీర్లు చూసుకుంటారు. మనది ఎమోషన్" అని జవాబొస్తుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. సీటు లేదు, స్టీరింగు లేదు, బరువెంతో తెలీదు, బండికి మాత్రం చిరుత చూపు, ఒంటినిండా కండలు, మొహాన కోపం వచ్చేశాయి. ఈమధ్య బండ్లన్నిటికీ ఇంత కోపం ఎందుకో నాకైతే అర్థం కాదు. కోప్పడాల్సింది లోపల ఇరుక్కున్నవాళ్లు కదా!

సరే, చదువు గనక చదువులాగే మాట్లాడుకుందాం. ప్రయాణికుల వాహనం ఏదైనా మొదలయ్యేది ఒక చుక్కతో. కూర్చున్న మనిషి నడుమూ తొడా కలిసే తుంటి కీలు అది. ఇంజనీర్లు హెచ్-పాయింట్ అంటారు. ఆ చుక్క రోడ్డుకు ఎంత ఎత్తున ఉందో తేలితే, కాళ్లు చాపుకుని నడిపే సెడానా, ఎక్కి కూర్చుని నడిపే ఎస్‌యూవీనా అన్నది చాలావరకు తేలిపోతుంది. అక్కణ్నుంచి మడమ ఎక్కడ ఆనుతుంది, మోకాలు ఎంత ముడుచుకుంటుంది, కన్ను ఏ ఎత్తుకొస్తుంది, ఆ కంటికి బానెట్ దాటాక రోడ్డు ఎక్కణ్నుంచి కనబడుతుంది, ముందు అద్దం పక్కనున్న ఎ-పిల్లర్ అనే స్తంభం రోడ్డు దాటే పిల్లవాణ్ని దాచేస్తుందా లేదా... ఒకదాన్ని పట్టుకుని ఒకటి వస్తాయి. ఆడవాళ్లలో పొట్టి వైపు 5 శాతం దగ్గర ఒక గీత, మగవాళ్లలో పొడుగు వైపు 95 శాతం దగ్గర ఒక గీత పెట్టుకుని, ఆ మధ్యలో ఉన్నవాళ్లందరికీ పెడల్ అందాలి, తల తగలకూడదు అని చూస్తారు. ఇంజనో బ్యాటరీయో, సస్పెన్షనో, ఢీకొన్నప్పుడు నలగాల్సిన ముక్కుభాగమో, ఇవన్నీ ఆ మనిషి చుట్టూ సర్దుకుంటాయి. పైరూపం గీసేవాళ్లూ పక్కనే కూర్చుని గీస్తుంటారు, కాదనను. కానీ వాళ్ల కాగితం మీద ఆ చుక్క ముందే ఉంటుంది. పాఠాల్లో కనబడనిది ఆ చుక్కే.

ఇదంతా పాతకాలపు గొణుగుడు అనేవాళ్లకు పాతకాలమే చూపిస్తాను. 1959లో వచ్చిన మినీ కారు కోసం దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్ ఇంజన్‌ను అడ్డంగా తిప్పేశాడు. గేర్‌బాక్సును దాని కిందే, అదే నూనెలో దించేశాడు. చక్రాలను 10 అంగుళాలకు కుదించాడు. ఎందుకు? మూడు మీటర్ల పైచిలుకు బండిలో నలుగురు పెద్దవాళ్లు సామానుతో సహా పట్టాలి గనక. ఇవాళ్టి పాఠాల ప్రకారం ఆయన మొదటి రోజే ఫెయిల్. చక్రాలు చిన్నవి, స్టాన్స్, అంటే నిలబడే ఠీవి, లేదు, కోపం అసలే లేదు. ఫ్రెంచి కార్ల కంపెనీ సిట్రోయెన్‌ను నడిపిన పియెర్ బూలాంజే కథ ఇంకా ఘోరం. 2సీవీ అనే చిన్న కారు తయారుచేసే ఇంజనీర్లకు ఆయన పెట్టిన షరతు, గుడ్లబుట్ట పెట్టుకుని దున్నిన చేలో నడిపినా ఒక్క గుడ్డు పగలకూడదని. నమూనా బండ్లలో టోపీ పెట్టుకుని కూర్చుని మరీ చూసేవాడని చెబుతారు. తల పడితే చాలదట, తల మీది టోపీ కూడా పట్టాలట!

ఇవాళ్టి డిజైన్ రివ్యూ ఒకటి ఊహించుకోండి. గది మధ్యలో మట్టితో చేసిన నిలువెత్తు నమూనా. కప్పు ముందు నుంచి వెనక్కి జారుడుగా దిగిపోతోంది. చీఫ్ డిజైనర్ నల్లచొక్కా వేసుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు. ప్యాకేజింగ్ ఇంజనీరు చేతులు కట్టుకుని లేచాడు.

"సార్, వెనక సీట్లో తల తగులుతోంది."

"ఎవరి తల?"

"మనిషిది సార్."

"ఏ మనిషి?"

"మామూలు మనిషే. 175 సెంటీమీటర్లు."

"ఎంత తగులుతోంది?"

"తగలడం కాదు సార్, 40 మిల్లీమీటర్లు కప్పులోంచి బయటికొచ్చేస్తోంది."

చీఫ్ చాలాసేపు కప్పు గీతను వేలితో నిమిరాడు. "ఈ గీత నాకు తెల్లవారుజామున వచ్చింది. దీన్ని ముట్టుకోలేం. సీటు దించండి."

"కింద బ్యాటరీ ఉంది సార్. దాన్ని పరిచాక నేల పైకొచ్చింది. కప్పేమో మీరు కిందికి తెచ్చారు. మధ్యలో మిగిలింది మనిషే."

"అయితే మనిషిని దించండి."

మార్కెటింగ్ మేడమ్ కల్పించుకుంది. "వెనక కూర్చునేవాళ్లు ఎలాగూ ఫోన్లోకి తల వంచుకునే ఉంటారండీ. దాన్నే ఫీచర్‌గా చెబుదాం. ఫోకస్ పొజిషన్." గదిలో చప్పట్లు. ఇంజనీరు కూర్చోలేదు. మనిషి మెడ అంతసేపు వంగి ఉండదని సణిగాడు. చీఫ్‌కు మొదటిసారి ఆసక్తి కలిగింది.

"అసలు ఈ మనిషి మోడల్ ఎప్పటిది?"

"ఇప్పుడున్నది సుమారు మూడు లక్షల ఏళ్ల కిందటిది సార్."

"మూడు లక్షల ఏళ్లా! ఒక్క ఫేస్‌లిఫ్ట్ లేదా? కింది చట్రం, ఆ ప్లాట్‌ఫారమూ అదేనా?"

"అదే సార్. అవే మోకాళ్లు."

"మనం ఆరేడేళ్లకోసారి బండి మొత్తం మారుస్తున్నాం. వాళ్లు మోకాలు కూడా మార్చుకోలేదు. తప్పు మనదంటావా?"

ఆ వాదనకు తిరుగేముంది! తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. తదుపరి మోడల్ మనిషికి మెడ 40 మిల్లీమీటర్లు తగ్గించాలి. మోకాళ్లు బేస్ వేరియంట్‌లో ఉండవు. వెనక అద్దంలోంచి ఏమీ కనబడదు గనక తల వెనక కెమెరా ఒకటి. ముగ్గురి సీటు మధ్యలో కూర్చునేవాడికి ఒకే కాలు. డ్రైవరుకు నుదుటి మీద మూడో కన్ను, అది రోడ్డు చూస్తుంటే మిగతా రెండూ టచ్‌స్క్రీన్ చూసుకోవచ్చు.

మూడో కన్ను ఎగతాళి కాదు. ఏసీ తగ్గించడానికి నాలుగు మెనూలు దాటాలంటే రెండు సెకన్లయినా కళ్లు తిప్పాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 55 మీటర్లు. అంతదూరం బండిని నడిపేది దేవుడు. తడిమి తిప్పే ఒక గుండ్రటి నాబ్‌తో తీరిపోయే పని ఇది. ఇండికేటర్, హారన్, వైపర్ లాంటి కనీస పనులకైనా విడి మీటలు ఉంటేనే పూర్తి మార్కులని కొత్త బండ్ల భద్రతకు మార్కులిచ్చే ఐరోపా సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి నిబంధన పెట్టుకోవాల్సి వచ్చింది. హారన్‌కు మీట ఉండాలని పెద్దమనుషులు కూర్చుని రాసుకోవాల్సి వచ్చిందంటే మన డిజైను ఎంత ఎత్తుకు ఎదిగిందో చూడండి.

ఇక ఆ చక్రాలు. బొమ్మలో గీసినంత పెద్ద చక్రం నిజంగా పెడితే అది స్ప్రింగుకు అవతల వేలాడే బరువు. ఆ బరువు పెరిగేకొద్దీ చక్రం గతుకును అనుసరించడం మానేసి గతుకును మీకు అందిస్తుంది. రిమ్ము పెరిగితే టైరు పక్కగోడ సన్నబడుతుంది, మెత్తదనం దాంతోపాటే పోతుంది. మిగిలే కుషన్ మీ వెన్నెముక డిస్కులు. చక్రం తిరగడానికి చోటు కావాలి గనక డ్రైవరు పాదాల చోటూ కొంత పోతుంది. ఇదంతా పాఠంలో ఒక్క ముక్కలో తేల్చేస్తారు, "లుక్ అదిరింది" అని.

లోపల చోటుంటే చాలు, బయట ఎలాగున్నా సరే అని నేననడం లేదు. ఎత్తుకూ లెక్క ఉంది. మలుపులో బరువు ఒక పక్క చక్రాల మీదికి ఒరుగుతుంది. ఎంత ఒరుగుతుందనేది గరిమనాభి ఎత్తునూ, రెండు చక్రాల మధ్య వెడల్పునూ బట్టి. 1997లో మెర్సిడెస్ ఏ-క్లాస్, పొట్టిగా ఎత్తుగా చక్కగా చోటున్న బండి, స్వీడన్‌లో పత్రికలవాళ్లు చేసిన దుప్పి పరీక్షలో పల్టీ కొట్టింది. రోడ్డు మీదికి దుప్పి వస్తే తప్పించి మళ్లీ దారిలోకి రావడం, అంతే పరీక్ష. డెలివరీలు ఆపి, సస్పెన్షన్ సరిచేసి, బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్‌ను ప్రతి బండిలో పెట్టి మళ్లీ అమ్మారు. నేర్పాల్సిన ఇంజనీరింగ్ అది. ఒకటి ఇస్తే ఇంకొకటి ఎక్కడ పోతుందో లెక్క కట్టడం. మనవాళ్లు ఇరుకు చేసిన కప్పును దాచడానికి పైన గాజుపలక వేస్తారు. అంత బరువును బండిలో అన్నిటికన్నా ఎత్తున పెట్టడం ఏ లెక్కలోదో అడగండి. "ఆకాశం కనిపిస్తుంది" అంటారు.

గాలి కోసమే కప్పు వంచామనేది ఇంకో సాకు. గాలి నిరోధం వేగానికి వర్గంలో, దాన్ని ఎదుర్కొనే శక్తి ఘనంలో పెరుగుతాయి, నిజమే. కానీ ఇంజనీరు ఎడ్మండ్ రుంప్లర్ 1921లో చూపిన ట్రోప్ఫెన్‌వాగన్ అనే నిటారు బండిని 1979లో గాలిని వదిలి పరీక్షించే విండ్ టన్నెల్‌లో పెడితే గాలి నిరోధ గుణకం, ఎంత తక్కువైతే అంత మేలైన అంకె, 0.28 వచ్చింది. అందులో మనుషులు తల పైకెత్తుకునే కూర్చున్నారు.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఇప్పుడు గోడకు గుద్దుదాం.

గంటకు 56 కిలోమీటర్లు. ముక్కుభాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగితే లోపలివాళ్ల మీద పడేది సగటున 20 జీ, అంటే ఒంటి బరువుకు 20 రెట్లు. అదే 10 సెంటీమీటర్లలో ఆగితే 120 దాటుతుంది. ముందు భాగం నలగాలి, మనిషుండే గది నలగకూడదు అని మెర్సిడెస్ ఇంజనీరు బేలా బారెన్యీ 1950ల్లోనే చెప్పాడు. 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ మూడు చోట్ల పట్టే సీటుబెల్టు తయారుచేస్తే, కంపెనీ దాని పేటెంట్‌ను అందరూ వాడుకోనిచ్చింది. ఇవన్నీ ఎవరి కోసం? మనిషి కోసం. ఏ మనిషి అని ఆ చీఫ్ అడిగాడు చూశారా, ఆ ప్రశ్న జోకు కాదు.

ఢీ పరీక్షల్లో మనిషికి బదులు కూర్చోబెట్టే క్రాష్ బొమ్మల్లో 1976లో వచ్చిన హైబ్రిడ్-3 మగవాడు. 175 సెంటీమీటర్లు, 78 కిలోలు. దశాబ్దాలపాటు గోడలకు గుద్దింది ప్రధానంగా వీణ్నే. ఆడమనిషి పేరుతో తర్వాత వచ్చిన బొమ్మ ఏమిటి? అదే మగ బొమ్మను కుదించి, 150 సెంటీమీటర్లకు, 49 కిలోలకు దించినది. పన్నెండేళ్ల పిల్లంత. అదీ చాలా పరీక్షల్లో పక్క సీట్లో. నడిపేది వాడు! వెనక నుంచి గుద్దినప్పుడు మెడ పట్టేసే గాయాలు ఆడవాళ్లకే ఎక్కువని తెలిసి కూడా, సగటు ఆడమనిషి కొలతలతో, 162 సెంటీమీటర్లు, 62 కిలోలతో, సీటును పరీక్షించే బొమ్మ స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం నుంచి రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. హెడ్‌లైటు కనుబొమ్మ ఎంత వంపు తిరగాలో ఎన్ని వందలసార్లు గీసి చూస్తారు? ఆడవాళ్ల మెడకు ఒక్క బొమ్మ చేసి చూడ్డానికి ఇన్నేళ్లా? సిగ్గుండక్కర్లేదా? సగం మనుషుల్ని లెక్కలోకి రానివ్వకుండా ఏ మనిషి కోసం గీస్తున్నార్రా ఈ బండ్లు?

ఇంకా ఆ తలుపు పిడులు. బయటికి కనబడితే గీత చెడుతుందని పిడిని తలుపులోకి పూడ్చేశారు. దగ్గరికెళితే మోటారు తిరిగి బయటికి జారుతుంది. దీనివల్ల తగ్గే గాలి నిరోధం లెక్కకు అందీ అందనంత. బండి గుద్దుకుని కరెంటు పోయిందనుకోండి, లోపల మనిషి ఉంటాడు, బయట కాపాడేవాళ్లు ఉంటారు, పట్టుకుని లాగడానికి మాత్రం ఏమీ ఉండదు. కొన్నిటిలో లోపలి మీట కూడా కరెంటుదే. చేత్తో లాగే తీగ ఒకటి ఉంటుందంటారు, కొన్ని బండ్లలో వెనక తలుపు జేబులో, అడుగున పరిచిన చాపకింద. పొగలో, చీకట్లో, పక్క సీట్లో పిల్లలు ఏడుస్తుంటే, ఆ చాప ఎత్తి చూడాలని ఎవరికి తడుతుంది? ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉందట. మాన్యువల్ ఎక్కడుందని అడిగితే, స్క్రీన్‌లో ఉందన్నారు.