చెరోకీ రక్తం, ఒక ఖాళీ గడి

"చెరోకీ రక్తం చుక్క కూడా లేని నల్లవాళ్ళకు అమెరికా కోర్టులు బలవంతంగా చెరోకీ పౌరసత్వం కట్టబెట్టాయి." బాగా షేర్ అవుతున్న మాట ఇది. చెరోకీలు అమెరికాలోని ఒక ఆదివాసీ జాతి, చెరోకీ నేషన్ వాళ్ళ సొంత ప్రభుత్వం. వింటే ఆదివాసుల పక్షమే అనిపిస్తుంది.

ముందు ఆ "చుక్క" సంగతి. 1898 తర్వాత, ఆదివాసుల భూములు పంచడానికి అమెరికా ప్రభుత్వం వేసిన డాస్ కమిషన్ గుమాస్తాలు చెరోకీల పేర్లు కార్డుల మీద రాసుకున్నారు. చెరోకీగా లెక్కేసినవాళ్ళ కార్డులో రక్తం గడి ఉంటుంది: సగం, పావు, ఎనిమిదో వంతు. చెరోకీల దగ్గర ఒకప్పుడు బానిసలుగా ఉన్న నల్లవాళ్ళ కుటుంబాలది వేరే జాబితా, ఫ్రీడ్‌మెన్ (విముక్తులు). ఆ కార్డులో రక్తం వివరం ఉండదు, పాత యజమాని పేరు ఉంటుంది. తండ్రి చెరోకీ, తల్లి బానిస అయినవాళ్ళు ఎందరో ఇందులోకే వెళ్ళారు. రక్తం అడగనే లేదు, ఇప్పుడేమో రాసి లేదు కాబట్టి లేదంటున్నారు! అసలు చెరోకీ నేషన్‌లో పౌరసత్వానికి కనీసం ఇంత రక్తం ఉండాలన్న నియమమే లేదు. దాదాపు నలభై ఏళ్ళు ప్రధాన నాయకుడిగా ఉన్న జాన్ రాస్‌ది ఎనిమిదో వంతే.

"బయటినుంచి వచ్చి చేరారు" అనేది ఇంకో మాట. చెరోకీలను 1838లో ఇప్పటి ఓక్లహోమాకు తరిమినప్పుడు, వాళ్ళ బానిసలూ ఆ దారిలోనే నడిచారు. అమెరికా ప్రభుత్వంతో చెరోకీలు చేసుకున్న 1866 ఒప్పందం తొమ్మిదో అధికరణం, విముక్తులైన ఆ బానిసలకూ వాళ్ళ వారసులకూ చెరోకీలతో సమానంగా అన్ని హక్కులూ ఇచ్చింది. దాని మీద చెరోకీ ప్రతినిధులు సంతకాలు పెట్టారు. అమెరికా అంతర్యుద్ధంలో కాన్ఫెడరేట్ల (బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల) పక్షాన చేరి ఓడిన ఒత్తిడి ఉంది, నిజమే. కానీ అదే ఒప్పందంలో తమకు పనికొచ్చే హక్కులను చూపించి, ఈ ఒక్కటీ చెల్లదంటే ఎలా?

ఇక కోర్టులు. 2006లో ఫ్రీడ్‌మెన్ వారసులు పౌరులేనని చెప్పింది చెరోకీల సొంత కోర్టే. 2007లో దాదాపు 77 శాతం ఓట్లతో రాజ్యాంగం సవరించి వాళ్ళను తీసేశారు. ఈ ఓటు మాత్రం నిజం. 2017లో అమెరికా ఫెడరల్ జడ్జి థామస్ హోగన్, 1866 ఒప్పందం చెల్లుతుందన్నారు. చెరోకీ నేషన్ అప్పీలుకు కూడా వెళ్ళలేదు. 2021 ఫిబ్రవరిలో రాజ్యాంగంలోంచి "రక్తం ద్వారా" అన్న మాట కొట్టేసింది చెరోకీ నేషన్ సుప్రీంకోర్టు. పక్కనున్న మస్కోగీ క్రీక్ నేషన్ సుప్రీంకోర్టు 2025 జూలైలో తమ 1866 ఒప్పందం ప్రకారం ఇలాంటి తీర్పే ఇచ్చింది. అదీ ఆదివాసుల కోర్టే.