మెరిస్తే మంచి బ్యాటరీ

నెల్లూరు జిల్లా తీరం వెంట రొయ్యల గుంటల దగ్గర ఒక మహత్తర విజ్ఞానం వర్ధిల్లుతోంది. జనరేటర్‌ని స్టార్ట్ చేసే బ్యాటరీలో ప్రాణం ఉందో లేదో తెలుసుకోవడానికి ఓల్టు మీటరూ, హైడ్రోమీటరూ దండగ. రెండు టెర్మినళ్లకూ స్పానర్ ఆనించాలి. చిటుక్కున మెరిసిందా, బ్యాటరీ బాగుంది. ఢామ్మందా, ఇంకా బాగుంది.

మొన్న ఇందుకూరుపేట వైపు ఒక షెడ్డులో ఈ పరీక్ష చూసే భాగ్యం దక్కింది. కరెంటు పోయింది, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య బతకదు, కాబట్టి టెన్షన్ సబబే. అప్పటిదాకా చార్జింగులో ఉన్న బ్యాటరీ మీద వాన చినుకు పడకుండా ఫ్లెక్సీ కప్పారు. అందులో యజమాని రెండు చేతులూ జోడించి సంక్రాంతి శుభాకాంక్షలు చెబుతున్నారు. చార్జింగప్పుడు బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. యజమానిగారి నమస్కారం కింద అది ఎటూ పోకుండా నిక్షేపంగా ఉంది. కుర్రాడు చెప్పుల్లేకుండా, చేతికి స్టీలు కడియంతో వంగాడు. మేస్త్రీ బీడీ ముట్టించుకుని, అదే లైటర్ బ్యాటరీ మీదికి దించి, "నీళ్లుండాయేమో చూడరా" అన్నాడు.

ముందు ఆ లైటర్ ఆర్పమనండి, కడియం తీయించండి, నెగటివ్ వైరు మొదట విప్పమనండి అన్నాను. యజమాని నావైపు జాలిగా చూశారు. "ఇన్నేళ్లుగా ఇంతే సార్. ఏమీ కాలేదే!"

ఏమీ కాకపోవడమంటే? ఆ కుర్రాడి చొక్కా నిండా యాసిడ్ తిన్న చిల్లులు. అది కంట్లో పడితే ఆ క్షణం నుంచి కనీసం పావుగంట ధారగా మంచినీళ్లు పోస్తూనే ఉండాలి. షెడ్డులో ఉన్నది ఒక్క వాటర్ బాటిల్, అదీ సగం. గుంటలో మాత్రం మందులు కలిపిన ఉప్పునీళ్లు, ఎకరాలకొద్దీ!

ఇదే రొయ్య ప్రాసెసింగ్ ప్లాంటు గడప తొక్కితే, దాన్ని ముట్టుకునేవాళ్లకి గ్లౌజులు, టోపీ, మాస్కు, బూట్లు. మనిషి మురికి రొయ్యకి అంటితే విదేశాలవాళ్లు సరుకు తిప్పి పంపేస్తారు. యాసిడ్ మనిషికి అంటితే తిప్పి పంపేవాడు లేడు. సిగ్గుండాలయ్యా! వాడి తల్లి వాణ్ని పనికి పంపింది, మీ స్పానర్ శాస్త్రానికి కళ్లు అర్పించడానికి కాదు. నాలుగు కిలోల రొయ్యల డబ్బు పెడితే కళ్లద్దాలూ, రబ్బరు గ్లౌజులూ రావా?

ఈ మాటే అడిగాను. "ఇచ్చినా వేసుకోరు సార్ వీళ్లు" అన్నారు.

ఎప్పుడిచ్చారు?