‘పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు’ బోర్డు గారికి

అయ్యా,

ఆసుపత్రి గేటు పక్కన, ‘ఉమ్మివేయరాదు’ అన్న మీ తమ్ముడికి పైన, కిళ్లీ మరకకి కాస్త ఎడంగా ఉంటారు మీరు. ప్రవేశం లేదంటారు. ఎందుకు లేదో, ఎవరినడిగితే దొరుకుతుందో చెప్పరు. పోనీ, మీ మాట వినేదెవరో ఎప్పుడైనా గమనించారా? ఏటేటా రేబిస్ టీకా వేయించుకుని, మెడపట్టీతో, టీకాల కార్డుతో వచ్చిన కుక్క ఒక్కటే. చదువు రాని వీధికుక్క మీ కిందనుంచే లోపలికెళ్లి, కుక్కకాటు ఇంజెక్షన్ల గది ముందు కొత్త అల్లుడిలా కాళ్లు బారజాపుకుని పడుకుంటుంది. ఏ మంచం పక్కన పాలగ్లాసు ఉందో వార్డు పిల్లికి డ్యూటీ సిస్టర్ కన్నా బాగా తెలుసు.

మీకు కారణాలు లేవని కాదు. క్యాన్సర్‌కి కీమో మందులెక్కించాక రక్తంలో తెల్లకణాలు పడిపోయినవాళ్లు, కాలిన గాయాలవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, ఐసోలేషన్‌లో ఉన్నవాళ్లు: వీళ్ల దగ్గరికి ఎంత ముద్దుల కుక్కనైనా పంపకూడదు. ప్లీహం (స్ప్లీన్) తీసేసినవాళ్లకైతే కుక్క నాలుక తగలడమే ప్రమాదం. దాని లాలాజలంలో మామూలుగానే ఉండే క్యాప్నోసైటోఫాగా అనే క్రిమి వాళ్ల రక్తంలోకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. మందులకు లొంగని స్టెఫైలోకాకస్ అనే క్రిమి సంగతి ఇంకో తమాషా. అది చాలాసార్లు మనిషి చేతినుంచే కుక్క బొచ్చుకి ఎక్కి, అక్కణ్ణుంచి పక్క మంచానికో ఇంటికో ప్రయాణం కడుతుంది. ఈ ఒక్క ముక్క మీ మీద రాయించినా మిమ్మల్ని గౌరవించేవాళ్లం.

అమెరికాలో ఆసుపత్రి అంటువ్యాధుల నిపుణుల సంఘం 2015లో ఇచ్చిన సూచనల్లో కూడా, రోగి సొంత జంతువును మామూలుగా రానివ్వొద్దనే ఉంది. కానీ వాళ్లు ‘లేదు’ దగ్గర ఆగిపోలేదు. అది రోగికి మేలని వైద్యబృందానికి అనిపిస్తే మినహాయింపు ఎలా ఇవ్వాలో కూడా రాశారు. అసలు పనంతా ఆ ‘ఎలా’లోనే ఉంది.

ముందు డాక్టరు కేస్‌షీట్‌లో రాయాలి, వార్డు సిస్టర్‌కి, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుకి తెలియాలి. వాచ్‌మన్ చేతిలో కాగితం ఉండాలి. లేకపోతే డాక్టరు వరమిచ్చినా వాచ్‌మన్ వరమివ్వడు. కుక్కకి ఏడాది నిండాలి. విరేచనాలు, దగ్గు, గజ్జి, పిడుదులు ఉండకూడదు. గత 90 రోజుల్లో పచ్చిమాంసం తిన్నదైతే సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమి భయం, వద్దు. ముందురోజు స్నానం చేయించి, బయటే దువ్వి, గోళ్లు కత్తిరించి ఆకురాయితో నున్నగా రుద్దాలి. లోపలికొచ్చే ముందే దాని కాలకృత్యాలు కానిచ్చేయాలి. కడుపునిండా పెట్టి తేవద్దు, లిఫ్టులో వాంతి చేసుకుంటుంది. తాడు ఆరడుగులు దాటకూడదు, సాగే తాడు అసలే వద్దు. వంటగది దారి, రోగుల రద్దీ ఉన్న దారి తప్పించి సరుకుల లిఫ్టులో తేవాలి. ఒంటరి గది, ఒక్క రోగి, మహా అయితే గంట.

గదిలో తప్పులు జరిగేది మాత్రం ప్రేమవల్లే. యజమాని గొంతు వినగానే కుక్క ఒక్క ఉదుటున మంచమెక్కుతుంది, సెలైన్ ఎక్కించే క్యానులా గొట్టం ఊడొస్తుంది. అందుకే సెలైన్ ఉన్న చేతికి అవతలి వైపునుంచి తేవాలి. దుప్పటి మీద విడిగా ఒక ఉతికిన దుప్పటి పరిచి, పని కాగానే అది చాకలికి వేయాలి. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారి కుక్క బెదురుతుంది, మానిటర్ కూతకి మొరుగుతుంది. స్పిరిట్ వాసనకి సొంత మనిషినే కాసేపు గుర్తుపట్టకపోవచ్చు, రోగికి అది ముందే చెప్పి ఉంచాలి. ముట్టుకునే ముందూ, తర్వాతా అందరూ చేతులు శుభ్రం చేసుకోవాలి. ముఖం నాకనివ్వకూడదు. పిల్లి అయితే బుట్టలోనే రావాలి. మీ వరండాలో పోసే నల్ల ఫినాయిల్ పాదాలకి అంటి, అది నాక్కుంటే దానికి విషం. అంటే పిల్లి వల్ల ఆసుపత్రికి ఉన్న ముప్పు సరే, ఆసుపత్రి వల్ల పిల్లికున్న ముప్పు ఇంతవరకూ ఏ బోర్డూ రాయలేదు.

ఇవేవీ రాయకుండా మీరు ‘లేదు’ అంటే ఏమవుతుందో తెలుసా? కుక్కపిల్ల కూరల సంచిలో వస్తుంది. స్నానం ఉండదు, టీకా ఉండదు, సిస్టర్‌కి కబురుండదు. వాచ్‌మన్‌కి టీ డబ్బులు మాత్రం ఉంటాయి. అదే సంచి వెనకాల జలుబుతో మనవడు, బిర్యానీ పొట్లం, వీధంతా తొక్కొచ్చిన చెప్పులు కూడా నడిచొస్తాయి. వాటికి మీ దగ్గర ఒక్క అక్షరం లేదు.

నర్సింగ్ పిల్లలు దీపం పట్టుకుని ప్రమాణం చేసేది ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు మీదే కదా. దీర్ఘకాల రోగికి చిన్న పెంపుడు జంతువు మంచి తోడని ఆవిడ 1860 నాటికే రాసింది. పైగా ఒక గుడ్లగూబను జేబులో వేసుకుని తిరిగేది. కుక్కనే ఆపే మీరు, గుడ్లగూబతో వచ్చిన నర్సమ్మని చూస్తే శాంతి చేయించమనేవారేమో.

ఈసారి రంగు వేసేటప్పుడు మీ కింది భాగంలో రెండు గీతలు ఖాళీ ఉంచమనండి. ‘అనుమతి కోసం ఫలానా గది, ఫలానా నంబరు’ అని రాయడానికి. పెయింటరు నిచ్చెన వేసేచోట పసుపురంగు కుక్క ఒకటి పడుకుని ఉంటుంది, దాన్ని అదిలించకుండా వేయమనండి.

ఇట్లు,
గేటు బయట, స్నానం చేసి, టీకాల కార్డుతో కూర్చున్నవాళ్ల తరఫున