మొరాకో కథకు మొదటి ప్రేక్షకుడెవరు?

ఫ్రాన్స్ సినిమా రంగంలో సీజర్ అవార్డులను మించిన గౌరవం లేదు. 2016లో ఉత్తమ నటి పోటీకి ఏడుగురిని ఎంపిక చేశారు. కేథరిన్ డెనవ్, ఇజబెల్ హుపేర్ లాంటి హేమాహేమీల పక్కన రెండు కొత్త పేర్లు కనిపించాయి. ఒకరు సోరియా జెరూవాల్. ‘ఫాతిమా’ సినిమాకు ముందు ఆమెకు నటన అంటే ఏమిటో తెలియదు. తెర మీదే కాదు, బయట కూడా శుభ్రం చేసే పనితోనే బతికిన మనిషి. రెండో ఆమె లుబ్నా అబిదార్. ‘మచ్ లవ్డ్’ సినిమాలో మరాకెష్ నగరపు సెక్స్ వర్కర్ పాత్ర వేసినందుకు సొంత దేశం మొరాకోలో బెదిరింపులు వచ్చాయి. 2015 నవంబరులో కాసాబ్లాంకాలో ఆమె మీద దాడి కూడా జరిగింది. ఆ తర్వాత దేశం వదిలి ఫ్రాన్స్ చేరింది. అవార్డు ఈ ఇద్దరికీ రాలేదు, కేథరిన్ ఫ్రోకు వెళ్లింది. కానీ ఆ రాత్రి ఉత్తమ చిత్రంగా నిలిచింది మాత్రం ‘ఫాతిమా’.

ఆ జాబితా చూసి పారిస్‌లో చాలామంది తమ దేశపు విశాల హృదయానికి మురిసిపోయి ఉంటారు. మొరాకోలో మాత్రం ఇలాంటి సందర్భాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘మా పరువు తీసే కథలకే వాళ్లు డబ్బులిస్తారు, వాటికే చప్పట్లు కొడతారు’ అంటారు. ఈ ఆరోపణను తేలిగ్గా తీసుకోకూడదు. 1912 నుంచి 1956 దాకా ఫ్రాన్స్ ‘రక్షణ’ పేరుతో ఏలిన దేశం అది. ఈనాటికీ మొరాకో సినిమాకు పెద్ద దిక్కుగా ఉన్న జాతీయ సినిమా కేంద్రం కూడా 1944లో, అంటే ఆ పాలనలోనే పుట్టింది. అలాంటి చోట ‘ఎవరి డబ్బు?’ అని అడగడం అనుమానపు జబ్బు కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త.

అయితే ఆ డబ్బు ఎలా వస్తుందో కూడా చూడాలి. ఫ్రాన్స్‌లో ఎవరు ఏ సినిమా టిక్కెట్టు కొన్నా, అది హాలీవుడ్ సినిమా అయినా సరే, అందులో 10.72 శాతం ప్రత్యేక పన్నుగా అక్కడి జాతీయ సినిమా కేంద్రానికి చేరుతుంది. ఆ నిధిలోంచే కొంత భాగం విదేశీ దర్శకులతో కలిసి తీసే సినిమాలకు వెళ్తుంది. మొరాకో కూడా తన వంతుగా స్క్రిప్టు చూసి, రాబోయే వసూళ్ల మీద అడ్వాన్సు పేరుతో నిర్మాణానికి సాయం చేస్తుంది. స్టార్లు లేని, పాటలు లేని డ్రామా సినిమాకు ఈ రెండు జేబులూ కలిస్తే తప్ప బడ్జెట్ తేలదు. కాబట్టి మంచి మొరాకో సినిమాల్లో చాలావాటికి టైటిల్స్‌లోనే రెండు మూడు దేశాల పేర్లు పడతాయి. ఇందులో కుట్రేమీ లేదు. కానీ స్క్రిప్టు చదివే కమిటీల్లో ఒకటి పారిస్‌లో కూర్చుంటుంది, సినిమా మొదటి ప్రదర్శన ఫ్రాన్స్‌లోని కేన్స్ ఫెస్టివల్‌లో పడుతుంది. దర్శకుడి ఊరివాళ్ల వంతు ఆ తర్వాతే వస్తుంది. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే విషయం ఈ వరుస. డబ్బు కాదు.

‘మచ్ లవ్డ్’ గొడవలో జరిగింది ఇదే. నబీల్ అయూష్ పారిస్‌లో పుట్టి, అక్కడి శివారు సార్సెల్‌లో పెరిగి, తర్వాత కాసాబ్లాంకాను తన ఊరు చేసుకున్న దర్శకుడు. 2015లో ఈ సినిమా కేన్స్‌లో ప్రదర్శించారు. కొన్ని దృశ్యాలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. దేశమంతా కోపంతో ఊగిపోయింది. మొరాకోలో విడుదలకు దరఖాస్తు అయినా పెట్టకముందే ప్రభుత్వం నిషేధం ప్రకటించింది. తిట్టినవాళ్లలో అత్యధికులు చూసింది ఆ కొన్ని నిమిషాల ముక్కలే. సినిమాను మొదటి నుంచి చివరి దాకా చూసి, ఆ ఆడవాళ్ల మధ్య స్నేహాన్ని, నెలనెలా డబ్బు తీసుకుంటూ గుమ్మం మాత్రం తొక్కనివ్వని కుటుంబాల తీరును చర్చించే అవకాశం మొరాకో ప్రేక్షకుడికి దక్కలేదు. అతని తరఫున ప్రభుత్వమే తీర్పు చెప్పేసింది. ఆ తీర్పుకు మూల్యం చెల్లించింది దర్శకుడి కంటే ఎక్కువగా నటి.

విదేశీ డబ్బుతో తీసే సినిమా విదేశీ చూపునే మోస్తుందన్న వాదానికి నాకు తెలిసినంతలో గట్టి జవాబు మెరియం బెన్ముబారక్ తీసిన ‘సోఫియా’. రబాత్‌లో పుట్టి, పారిస్‌లోనూ బ్రస్సెల్స్‌లోనూ చదువుకున్న దర్శకురాలు. 2018లో కేన్స్ ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ విభాగంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి దీనికే వచ్చింది. మొరాకో శిక్షాస్మృతి 490వ అధికరణంతో సినిమా మొదలవుతుంది. పెళ్లి కాకుండా శారీరక సంబంధం పెట్టుకుంటే నెల నుంచి ఏడాది దాకా జైలు అంటుంది ఆ చట్టం. కాసాబ్లాంకాలో ఒక మధ్యతరగతి ఇంట్లో విందు నడుస్తుంటే వంటింట్లో సోఫియాకు నొప్పులు వస్తాయి. తను గర్భవతినన్న సంగతి తనే ఒప్పుకోలేని స్థితిలో ఉంటుంది ఆ పిల్ల. డాక్టరీ చదువుతున్న లెనా, వరసకు అక్కచెల్లెలే, సంగతి కనిపెట్టి ఆస్పత్రికి తీసుకెళ్తుంది. బిడ్డ పుడుతుంది. తండ్రి కాగితాలు తేవడానికి ఆస్పత్రి ఇచ్చిన గడువు ఒక్క రోజు.

ఇక్కడిదాకా చూస్తే ఇది యూరప్ ప్రేక్షకుడికి అలవాటైన కథే అనిపిస్తుంది: చట్టం దుర్మార్గం, ఆడపిల్ల బాధితురాలు. ఆ తర్వాతే దర్శకురాలు కాళ్ల కింద నేల లాగేస్తుంది. సోఫియా పేదల వాడ డర్బ్ సుల్తాన్‌కు చెందిన ఒమర్ పేరు చెబుతుంది. జైలా, పెళ్లా అన్నప్పుడు ఒమర్ ఇంటివాళ్లు పెళ్లికే తలొగ్గుతారు. బేరాలు నడుస్తాయి. అసలు తండ్రి ఒమర్ కాదు. సోఫియా కుటుంబం ఎవరితో వ్యాపార పొత్తు కుదుర్చుకుంటోందో ఆ డబ్బున్న పెద్దమనిషి. నిజం తెలిసిన లెనా మండిపడుతుంది, అందరి ముందూ బయటపెడదామంటుంది. సోఫియా ఒప్పుకోదు. లెనా తండ్రి ఫ్రెంచివాడు, ఆమె మాట్లాడేది ఎక్కువగా ఫ్రెంచి, ఉండేది సంపన్నుల పేట. రేపు ఏం జరిగినా ఆమెకు వెళ్లడానికి ఒక చోటుంది. సోఫియాకు లేదు. కాబట్టి ఆమె తనకున్న కొద్దిపాటి బలాన్ని తనకంటే బలహీనుడైన ఒమర్ మీద ప్రయోగిస్తుంది.

ఆ సన్నివేశంలో లెనా స్థానంలో ఉన్నది ఫ్రెంచి ప్రేక్షకుడే. జాలిపడటానికి సిద్ధమై కుర్చీలో కూర్చున్న మనిషికి, నీ నీతి నీ ఆస్తిపాస్తుల మీద నిలబడి ఉందని దర్శకురాలు మొహం మీదే చెప్పింది. ఆ మాట చెప్పిన సినిమాలో ఫ్రాన్స్ పెట్టుబడి కూడా ఉంది. ఆడపిల్లను దేవతనూ చేయలేదు, దీనురాలినీ చేయలేదు. చట్టం అందరికీ ఒకటే అయినా, అది పేదవాడి మెడకే ఎలా బిగుస్తుందో లెక్కకట్టి చూపించింది. ఇంత నిక్కచ్చిగా వర్గం గురించి మాట్లాడిన సినిమాలు ఏ దేశంలోనైనా అరుదే.

మరియం తౌజానీది వేరే దారి. టాంజియర్‌లో పుట్టిన ఈ దర్శకురాలు వాదించదు, చేతులను చూపిస్తుంది. 2019లో వచ్చిన ‘ఆదమ్’కు బీజం ఆమె ఇంట్లోనే పడింది. పెళ్లి కాకుండా గర్భవతి అయిన ఒక అపరిచితురాలికి ఆమె తల్లిదండ్రులు కొన్నాళ్లు ఆశ్రయమిచ్చారు. సినిమాలో అబ్లా కాసాబ్లాంకా పాతబస్తీలో ఇంటి కిటికీ దగ్గరే రొట్టెలమ్ముకునే వితంతువు. భర్త పోయాక నవ్వు మానేసింది, వార్దా పాటలు వినడమూ మానేసింది. కూతురికి ఆ గాయని పేరే పెట్టుకున్న మనిషి ఆమె. ఆ ఇంటికి చేరిన గర్భిణి సామియా ‘ర్జీజా’ చేయడం మొదలుపెడుతుంది. పిండిని నూనెచేత్తో సాగదీసి, దారాలంత సన్నగా చేసి, చుట్టలు చుట్టి కాలుస్తారు. ఓపిక లేనివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఆ పిండి మీద, ఆ వేళ్ల మీద కెమెరా చాలాసేపు నిలుస్తుంది. ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు నమ్మడం మొదలైందని చెప్పడానికి డైలాగు అక్కర్లేకపోయింది. అబ్లాగా వేసిన లుబ్నా అజబల్ ముఖం గడ్డకట్టిన చోటి నుంచి కరిగే దాకా చేసే ప్రయాణం కోసమైనా ఈ సినిమా చూడాలి.

2022లో తౌజానీ ‘ది బ్లూ కఫ్తాన్’ తీసింది. సలే పట్టణం పాతబస్తీలో చేతికుట్టుతో కఫ్తాన్లు అనే పొడవాటి అంగీలు చేసే హలీం, దుకాణం నడిపే అతని భార్య, జబ్బు మనిషి మీనా, పని నేర్చుకోవడానికి వచ్చిన యూసఫ్. హలీం మనసు మగవాళ్ల వైపు మొగ్గుతుందని భార్యకు తెలుసు. మొరాకోలో 489వ అధికరణం ప్రకారం స్వలింగ సంబంధానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్ష పడుతుంది. అదే మొరాకో ఈ సినిమాను తన అధికారిక ఎంట్రీగా ఆస్కార్‌కు పంపింది, తుది వడపోతకు ముందున్న 15 సినిమాల్లో చోటూ దక్కింది. ఏడేళ్ల ముందు ‘మచ్ లవ్డ్’ను నిషేధించిన రాజ్యం ఇదేనా అనిపిస్తుంది. దీన్ని మార్పు అని సంబరపడటానికి నాకు మనసొప్పదు. సినిమాను గౌరవించి, సినిమాలోని మనిషిని నేరస్తుడిగా ఉంచడం రెండు నాల్కల ధోరణి. ఆ గౌరవం వల్ల తౌజానీ లాంటివాళ్లకు పని చేసుకునే చోటు దొరుకుతున్న మాట కూడా నిజమే.

ఇంతవరకూ ఫ్రాన్స్ నుంచి మొరాకోకు వెళ్లిన చూపు గురించే మాట్లాడుకున్నాం. మొరాకో వైపు నుంచి ఫ్రాన్స్ మీద పడిన చూపు కూడా ఉంది, దాని గురించి తక్కువ మంది చెబుతారు. ‘ఫాతిమా’ తీసిన ఫిలిప్ ఫోకోన్ పుట్టింది మొరాకోలోని ఊజ్దాలో. ఆ సినిమాకు ఆధారం మొరాకో నుంచి ఫ్రాన్స్‌కు వలస వెళ్లి, ఇళ్లూ ఆఫీసులూ తుడిచిన ఫాతిమా ఎలాయూబీ రాసుకున్న రాతలు. తెర మీద ఫాతిమా పగలంతా లియాన్‌లో నేల తుడుస్తుంది, రాత్రి అరబిక్‌లో నోటుపుస్తకం నింపుతుంది. కూతుళ్లు మాట్లాడేది ఫ్రెంచి; ఆ పుస్తకం వాళ్లు చదవలేరు. పెద్దకూతురు మెడిసిన్ పరీక్ష పాసైందని తెలిశాక, తల్లి ఒక్కతే యూనివర్సిటీకి వెళ్లి నోటీసుబోర్డు మీద ఆ పేరు వెతుక్కుంటుంది. మెట్ల మీద కనిపించే ఆ పనిమనిషిని రోజూ దాటిపోయే ఫ్రెంచి సమాజానికి, ఆమె తలలో ఎంత భాష ఉందో చూపించిన సినిమా ఇది.

‘ఎందిజెన్’ సినిమా అయితే ఫ్రెంచి సర్కారునే కదిలించింది. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ కోసం పోరాడిన మొరాకో, అల్జీరియా సైనికుల కథ అది. అల్జీరియా మూలాలున్న రషీద్ బుషారెబ్ దర్శకుడు. నటుల్లో జమెల్ దెబ్బూజ్, రోష్డీ జెమ్ మొరాకో వలస కుటుంబాల బిడ్డలు. 2006లో కేన్స్ ఉత్తమ నటుడి బహుమతిని ఆ బృందం మొత్తానికీ కలిపి ఇచ్చారు. వలస దేశాలు స్వతంత్రమయ్యాక, ఒక్కచోటే నెత్తురు చిందించిన వాళ్లలో ఫ్రెంచివాడి పింఛను పెరుగుతూ పోయింది, మొరాకో సైనికుడిది 1959 చట్టంతో ఉన్నచోటే ఆగిపోయింది. సినిమా చూశాక అధ్యక్షుడు జాక్ షిరాక్ ఆ తేడా సవరిస్తామని ప్రకటించారు. దాదాపు 80 వేల మంది మాజీ సైనికులకు సంబంధించిన నిర్ణయం అది. అప్పుడు సరిచేసింది అన్ని పింఛన్లనూ కాదు, అప్పటికే చాలామంది చనిపోయారు కూడా. అయినా దశాబ్దాలుగా అర్జీలు సాధించలేనిది ఒక సినిమా సాధించింది. ఫ్రాన్స్, మొరాకో కలిసి డబ్బు పెట్టిన సినిమా ఫ్రాన్స్‌కే బిల్లు చూపించిందన్నమాట.

అందుకే ‘ఫ్రెంచి డబ్బు’ వాదం దగ్గరే ఆగిపోతే అసలు సమస్య తప్పించుకుపోతుంది. 1980ల్లో మొరాకోలో రెండు వందలకు పైగా సినిమాహాళ్లుండేవి. తర్వాత అవి మూతపడుతూ మూతపడుతూ కొన్ని పదులకు వచ్చాయి. మాల్స్‌లో వెలిసిన మల్టీప్లెక్సులు పేట మనిషికి అందవు. హాలు లేని ఊళ్లో ఏ సినిమా అయినా పరాయి సినిమాయే, అది ఎవరి డబ్బుతో తీసినా సరే. అయూష్ మీద నాకు గౌరవం పెరిగింది ఈ విషయంలోనే. 2003 మే 16న కాసాబ్లాంకాలో బాంబుదాడులకు దిగిన కుర్రాళ్లు సిదీ మూమెన్ మురికివాడ పిల్లలు. ఆ కథను ‘హార్సెస్ ఆఫ్ గాడ్’గా తీసి ఊరుకోకుండా, రచయిత మాహీ బినెబీన్‌తో కలిసి 2014లో అదే వాడలో సాంస్కృతిక కేంద్రం తెరిచాడు. అక్కడ ర్యాప్ నేర్చుకున్న పిల్లలే 2021లో ‘కాసాబ్లాంకా బీట్స్’లో నటించి కేన్స్ ప్రధాన పోటీ దాకా వెళ్లారు. ముందు ప్రేక్షకులను తయారుచేసి, వాళ్లలోంచే నటులను తీసుకున్నాడు.

2023లో అస్మా ఎల్ మౌదిర్ ‘ది మదర్ ఆఫ్ ఆల్ లైస్’ తీసుకొచ్చింది. 1981 జూన్‌లో కాసాబ్లాంకాలో రొట్టె ధరలు పెరిగినందుకు జనం వీధుల్లోకి వస్తే సైన్యం కాల్పులు జరిపింది. ఆ రోజుకు సంబంధించిన దృశ్యాలు దాదాపు ఏమీ మిగలలేదు. మౌదిర్ ఇంట్లో అయితే అవ్వ ఫొటోలే ఉంచనివ్వలేదు. అందుకని తాపీమేస్త్రీ అయిన తండ్రి చేత తమ వీధి మొత్తాన్ని బొమ్మకొలువంత సైజులో కట్టించి, ఇంటివాళ్లనీ ఇరుగుపొరుగునీ దాని ముందు కూర్చోబెట్టి నోరు విప్పించింది. కేన్స్‌లో ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ దర్శకత్వ బహుమతి వచ్చింది. ఏడాది చివర్లో మరాకెష్ ఫెస్టివల్‌లో అత్యున్నత బహుమతి కూడా వచ్చింది. 2001లో మొదలైన ఆ పండుగలో ఒక మొరాకో సినిమా ఆ బహుమతి గెలవడం అదే మొదటిసారి.

స్క్రిప్టు దశలో ఇచ్చే అడ్వాన్సు ఎంత పెంచినా, ఆ కాల్పులు జరిగిన పేటల్లో టిక్కెట్టు కొని ఈ సినిమా చూసే హాలు కూడా ఉండాలి. మొరాకో సినిమా కేంద్రం వచ్చే పదేళ్లలో నిర్మాణంతో సమానంగా ఖర్చు పెట్టాల్సింది చిన్న ఊళ్ల, పాతబస్తీల సినిమాహాళ్ల మీద. కలిసి డబ్బు పెడుతున్న ఫ్రాన్స్ కూడా ఒప్పందంలో ఒక షరతు చేర్చవచ్చు: కేన్స్ ప్రదర్శన అయిన కొన్ని నెలల్లోనే కథ పుట్టిన ఊళ్లో సినిమా ఆడాలని.