మొక్కకు నీళ్లెవరు పోస్తారు?

జూన్ 5న మా కళాశాలలో పర్యావరణ దినోత్సవం ఘనంగా జరిగింది. అతిథి చేత నాటించిన వేప మొక్కకు ఆ తర్వాత ఎవరూ చెంబెడు నీళ్లు పోయలేదు; ఇప్పుడు అక్కడ కంచె లోపల ఎండిన పుల్ల, దానికి వేలాడే పేరు పలక మాత్రమే మిగిలాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను కూకటివేళ్లతో పెకలించడం కళ్లారా చూసినవారికి, ఆ తర్వాతి వేసవిలో నీడ కోసం వెతుక్కున్నవారికి, ఈ నిర్లక్ష్యం ఎంత బాధ కలిగిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

అంతకంటే కడుపు మండించేది క్యాంటీన్ వెనుక దృశ్యం. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా పెట్టారు. విద్యార్థులు మిగిలిన ఇడ్లీ ముక్కలను, నీళ్ల సీసాలను వేర్వేరుగానే వేస్తున్నారు, కానీ సాయంత్రం ఆ రెంటినీ ఒకే బండిలో కుమ్మరించి తీసుకుపోతున్నారు. ఇక వేరు చేసిన పిల్లలకు ఏమని సమాధానం చెప్పాలి? ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉన్నా, మాకు టీ నేటికీ ఆ గ్లాసుల్లోనే ఇస్తున్నారు. వాన పడితే అవి గెడ్డల్లో కొట్టుకుపోయి సముద్రంలో కలుస్తాయి. ఈ విషయమై రెండుసార్లు అర్జీ పెట్టాం; రెండుసార్లూ "చూద్దాం" అన్నారు.